ఓడ చిట్టాలో మన పల్లెలు

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అక్టోబరులో మద్రాసులో ఎక్కిన 342 మంది ఒప్పంద కూలీలు అందులో ఉన్నారు. అక్కడి నేటాల్ చెరకు తోటలకు మన దేశం నుంచి మనుషుల్ని తీసుకువెళ్ళిన మొదటి ఓడ అదే. అక్కడ మొదలైన లెక్క, మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, 1911 జూలై దాకా సాగింది. ఓడ వెంట ఓడ, మనిషి వెంట మనిషి, లక్షా యాభై రెండు వేల పైచిలుకు పేర్లు చిట్టాలకెక్కాయి. ఆ జనంలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే. ఉత్తర ఆర్కాడు, చెంగల్పట్టు జిల్లాల వాళ్ళు అందులో వేల సంఖ్యలో ఉన్నారు. మన తిరుత్తణి ఆనాడు మొదటి జిల్లాలోది, తిరువళ్ళూరు రెండో జిల్లాలోది.

ఈ ఓడ చిట్టాలను పనితనం కోసం చదవమని అడగడానికే ఈ వ్యాసం. రాసిన ఉద్దేశంలో మెచ్చుకోదగినదేమీ లేదు. తోట యజమాని చేతిలోంచి కూలీ జారిపోకుండా చూడటానికి పుట్టిన కాగితం అది. ఐదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, ఏటా ఒక షిల్లింగు పెంపు. ఆ బేరాన్ని కాపలా కాయడమే దాని పని. అయినా ఆ వరుసను కట్టిన తీరు వల్ల, మరే దస్తావేజులోనూ చోటు దొరకని మనిషి అక్కడ నిలిచిపోయాడు.

పూర్తిగా నింపిన ఒక వరుసను ఎడమ నుంచి కుడికి చదువుదాం. ముందు ఒక సంఖ్య. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం. ఆపైన జిల్లా, ఠాణా, గ్రామం అని మూడు గళ్ళు. మన దక్షిణాది వాళ్ళకు ఠాణా గడిలో సాధారణంగా తాలూకా పేరు ఉంటుంది. ఆ తర్వాత ఒంటి మీది గుర్తులు. ఏ యజమానికి అప్పగించారన్నది కూడా దొరుకుతుంది.

ఇంటిపేరు లేదు. తెలుగువాళ్ళు వంశం వెతకబోతే మొదట తడుముకునేది ఇంటిపేరునే. గోత్రం, ఇంటిపేరు చెప్పితే పెళ్ళి సంబంధం దగ్గర్నుంచి తద్దినం దాకా అన్నీ నడిచిపోతాయి మనకు. ఓడ చిట్టాలో అది దొరకదు. ‘నాయుడు’, ‘రెడ్డి’ అన్నవి దక్షిణాఫ్రికాలో ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి కాబట్టి వాటిని పట్టుకుని వెతికితే వేల కుటుంబాల మధ్య చిక్కుకుంటాం. అందువల్ల పని చేసేది తండ్రి పేరు గడి. వెంకటసామి అన్న పేరు పట్టుకుంటే ఎంతోమంది వస్తారు. తండ్రి మునుసామి, తాలూకా తిరుత్తణి అన్న రెండు గళ్ళు కలిపితే ఆ గుంపు చాలావరకు పలచబడుతుంది.

వరుస మొదట్లో ఉన్న సంఖ్య ఇంకా గట్టి సాధనం. ట్రూరో వాళ్ళతో ఒకటి నుంచి మొదలుపెట్టి, వచ్చిన ప్రతి మనిషికీ ఒకటి చొప్పున ఇచ్చుకుంటూ పోయారు. తోట మారినా, యజమాని మారినా, ఒప్పందం ముగిసినా ఆ సంఖ్య మారలేదు. బిడ్డ పుడితే నమోదులో తల్లిదండ్రుల సంఖ్యలు రాశారు. అర్జీ పెట్టినా, పెళ్ళి నమోదైనా, చనిపోయినా అదే సంఖ్య. పేరు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా చెడిపోయినా సంఖ్య చెడిపోలేదు. ఒకే కుటుంబంగా వెళ్ళినవాళ్ళకు చాలాసార్లు పక్కపక్క సంఖ్యలే పడ్డాయి. అందుకని ఒక వరుస దొరకగానే దాని పైన ఐదు, కింద ఐదు వరుసలు చదవాలి. భార్య, తమ్ముడు, చంటిబిడ్డ అక్కడే ఉండవచ్చు.

ఒంటి గుర్తుల గడి నన్ను ఎక్కువసేపు ఆపుతుంది. ఎడమ మోకాలి కింద మచ్చ, కుడి చెంప మీద పుట్టుమచ్చ అనే తరహాలో నాలుగు మాటలు. పారిపోయినా, మారుపేరు చెప్పినా పట్టుకోవడానికి వీలుగా రాసినవి. మారిషస్‌లో 1860ల నుంచి కూలీల ఫోటోలు తీశారు, మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వాటిని రిజిస్టర్లతో సహా కాపాడుతోంది. నేటాల్ చిట్టాలో ఫోటో లేదు. ముత్తాత రూపం గురించి మునిమనవలకు దొరికే ఆధారమల్లా ఆ మచ్చ, ఆ పుట్టుమచ్చ. గుమాస్తా మనిషిని ఒక్కసారి నిలబెట్టి నిజంగా చూశాడన్నదానికి ఆ గడే సాక్ష్యం.

ఇక ఊరి చిరునామా. జిల్లా, తాలూకా, గ్రామం అని మూడంచెలుగా ఎందుకు రాశారో మన ప్రాంతం వాళ్ళకు బాగా అర్థమవుతుంది. ఆనాటి ఇంగ్లీషు కాగితాల్లో తిరువళ్ళూరు ‘ట్రివెళ్ళూర్’. ఉత్తర ఆర్కాడులోనే తిరువల్లం ఉంది, దక్షిణ ఆర్కాడులో తిరువణ్ణామలై, తంజావూరు వైపు తిరువారూరు. చేతిరాత మసకబారి, ఇంగ్లీషు చెవితో విన్న ఊరి పేరు ఒక్కటే మిగిలితే ఏది ఏదో తేల్చలేం. పక్కన చెంగల్పట్టు అని ఉంటే చిక్కు సగం విడిపోతుంది. గ్రామం పేరు కూడా ఉంటే మిగతా సగం. ఆ పేరును కళ్ళతో కాకుండా నోటితో చదవాలి. గట్టిగా పలికి, ఆ తాలూకాలో ఏ ఊరికి దగ్గరగా ఉందో వినాలి.

అయితే జిల్లా గడే తిరుత్తణి వాళ్ళని దారి తప్పిస్తుంది. చిట్టాలో ఉత్తర ఆర్కాడు అని చూసి డర్బన్ నుంచి వచ్చినవాళ్ళు నేరుగా వేలూరు వెళతారు. కానీ ఆ జిల్లా కచేరీ 1911 దాకా చిత్తూరులో ఉండేది. ఆ ఏడు ఏప్రిల్‌లో చిత్తూరు వేరే జిల్లా అయింది, తిరుత్తణి అందులోకి వెళ్ళింది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తగాదాలో పటాస్కర్ ఇచ్చిన తీర్పు మీద సరిహద్దులు మార్చినప్పుడు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, చెంగల్పట్టు జిల్లాకు వచ్చింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. ఒకే పల్లె, కదలకుండా, తొంభై ఏళ్ళలోపు నాలుగు జిల్లాలు చూసింది. 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మస్థలాన్ని ఏ జిల్లా పేరుతో చెప్పాలన్నా ఇదే పేచీ. కాబట్టి జిల్లా గడిని తేదీతో కలిపి చదవాలి. 1890 నాటి ‘ఉత్తర ఆర్కాడు, తిరుత్తణి’ అన్న మాటకు దారి ఇవాళ తిరువళ్ళూరు జిల్లాలో ఉంది.

ఈ ప్రాంతం నుంచే అంతమంది ఎలా వెళ్ళగలిగారన్నదానికి కొంత జవాబు పట్టాల మీద ఉంది. దక్షిణాదిలో మొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. తిరువళ్ళూరు ఆ దారిలోనే ఉంది. కొన్నేళ్ళకే అరక్కోణం నుంచి రేణిగుంట వైపు వెళ్ళిన దారి తిరుత్తణిని కలిపింది. 1876లో కరువు మొదలయ్యేనాటికి ఓడెక్కే ముందు కూలీలను ఉంచే మద్రాసు డిపో వీళ్ళకు ఒక్కరోజు ప్రయాణం. అంతకు ముందు నేటాల్ వలస 1866లో ఆగిపోయింది. తిరిగొచ్చినవాళ్ళు చెప్పిన బాధల మీద 1872లో అక్కడ విచారణ సంఘం వేశారు, 1874లో మళ్ళీ ఓడలు కదిలాయి. ఆ వెంటనే కరువు.

ఈ చిట్టాలను ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే డర్బన్ వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయంలో జరిగిన శ్రమ వల్ల. చరిత్రకారుడు సురేంద్ర భానా 1860 నుంచి 1902 వరకు వచ్చిన సుమారు 95 వేల మంది వరుసల్ని కంప్యూటర్‌కు ఎక్కించి, 1991లో ఓడ చిట్టాల ఆధారంగా ఒక అధ్యయనం ప్రచురించారు. చరిత్ర పుస్తకాల్లో కథనం కోసం వెతికేవాళ్ళకు అది ఎండిపోయినట్టు అనిపిస్తుంది. పట్టిక తర్వాత పట్టిక. నాకు మాత్రం ఆ సంయమనమే ఆ పుస్తకంలో గొప్ప గుణం. ఎవరు ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకు ఆయన తొందరపడి ఒక్క జవాబు ఇవ్వరు. ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ కులం, ఏ వయసు, ఎంతమంది ఆడవాళ్ళు అని లెక్క కట్టి మన ముందు పెడతారు. ఆకలి వల్ల వెళ్ళినవాళ్ళందరూ అట్టడుగు కులాల వాళ్ళేనన్న అపోహ ఆ పట్టికల ముందు నిలవదు. కాపులు, పడయాచ్చిలు, చేనేతవాళ్ళు, మాలలు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. ఆయనతో కలిసి పనిచేసిన జాయ్ బ్రెయిన్ క్రైస్తవ వలసదారుల మీద 1983లోనే పుస్తకం రాశారు.

కులం గడిని నమ్మాల్సినంత వరకే నమ్మాలి. డిపోలో ఎవరు ఏం చెప్పుకున్నారో, గుమాస్తా ఏది ఎలా విన్నాడో చెప్పలేం. ఒక ఓడలో ‘తెలుగు’ అన్నది కూడా కులంగా కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. వయసు కూడా చూపుతో వేసిన అంచనాయే. ఆడవాళ్ళ విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. తర్వాతి కాలంలో నూరుమంది మగవాళ్ళకు 40 మంది ఆడవాళ్ళు ఉండాలన్న నిబంధన ఉండేది. ఒంటరిగా ఎక్కిన స్త్రీల వరుసలు అందుకే కనిపిస్తాయి. వాటిని తండ్రి పేరుతో సహా ఓపికగా చదివితే, మన ఊళ్ళలో ఎవరూ చెప్పుకోని మనుషులు బయటపడతారు.

నార్వే నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళ మనవలకు మన కంటే వసతి ఉంది. 1825లో స్టవాంగర్ నుంచి ‘రెస్టోరేషన్’ అనే చిన్న ఓడతో మొదలైన వలస అది. అక్కడ ప్రతి చర్చిలో జననం, బాప్తిస్మం, పెళ్ళి, మరణం రాసిన పుస్తకాలున్నాయి. క్రిస్టియానియా పోలీసులు 1867 నుంచి వలస వెళ్ళేవాళ్ళ పేర్లు నమోదు చేశారు. వాళ్ళకూ తండ్రి పేరే ఆధారం, దానికి తోడు పొలం పేరు. మినెసోటాలో ఉన్న మనవడు ఇటు జనాభా లెక్కల్ని, అటు చర్చి పుస్తకాన్ని కలిపి ముడి వేయగలడు. తిరుత్తణి కూలీకి అటువైపు కాగితం గట్టిది, ఇటువైపు పలచన. ఆ పల్లెలు కార్వేటినగరం జమీందారీలోవి. కరణం లెక్కల్లో, అడంగలులో, భూమి చిట్టాలో పేరుండాలంటే భూమి ఉండాలి. ఓడెక్కినవాళ్ళలో చాలామందికి అది లేదు. వాళ్ళు పుట్టిన ఊరితో కలిపి వాళ్ళ పేరు రాసిన కాగితం ఏదైనా ఉందంటే, అది ఓడ చిట్టాయే.

అందుకని ఇక్కడ వెతకడం కాగితంతో ఆగకూడదు. డర్బన్ కాటో మేనర్‌లో ఉంబిలో అంబలవాణర్ ఆలయంలో ఏటా ఈస్టరు సమయంలో ద్రౌపదమ్మ కోసం నిప్పుల మీద నడుస్తారు. మన చిత్తూరు, తిరుత్తణి పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు భారతం చెప్పించి అగ్నిగుండం తొక్కడం తెలియనిదెవరికి? కావడి కూడా అంతే, తిరుత్తణి కొండకు ఆడికృత్తికకు మోసే కావడి అక్కడ తైపూసానికి మోస్తారు. చిట్టాలో ఊరి పేరు రెండు పల్లెల మధ్య తేలకుండా ఉంటే, డర్బన్‌లోని వారసుల ఇంట్లో ఏ అమ్మవారికి పొంగలి పెడతారో అడగాలి. ఆ అమ్మవారు ఉన్న ఊరు ఏదన్నది ఇక్కడి ముసలివాళ్ళు చెప్పగలరు.

ఇప్పుడు కావలసిన పని ఒకటే మిగిలింది. నేటాల్ చిట్టాలోని వరుసల్లో తిరుత్తణి, తిరువళ్ళూరు తాలూకాలవి విడదీసి, చెడిపోయిన ఊరి పేర్లను తెలుగులో, తమిళంలో సరిచేసి, ఊరి వారీగా పట్టిక వేయాలి. డర్బన్‌లో కూర్చుని అది కుదరదు. పళ్ళిపట్టు బస్సులో వెళ్ళేటప్పుడు కండక్టరు పిలిచే ఊళ్ళన్నీ నోటికి వచ్చినవాళ్ళే ఆ పేర్లను సరిగ్గా చదవగలరు.