అరవై నిమిషాల క్యాసెట్

పోయిన ఆదివారం తెల్లవారకముందే మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. క్షేమసమాచారాలేమీ లేవు.

"ఒరేయ్, 'స్మూత్ క్రిమినల్'ని ఏడో స్థానంలో పెట్టావంటే నీకు చెవుడొచ్చినట్టే!"

"అమెరికా చార్టులో కూడా అది ఏడు దగ్గరే ఆగింది బావా."

"చార్టు చూసి మార్కులేసేవాడివి పాటలు వినడం దేనికిరా? పద్దులు రాసుకో!" ఠపీమని పెట్టేశాడు.

"పొద్దున్నే ఏమిటా అరుపులు? పొలం గట్టు తగాదానా?" అంది మా ఆవిడ. గట్టు తగాదా అయితే ఎప్పుడో తెగిపోయేది. ఇది మైకేల్ జాక్సన్ పాటల్లో ఏది ముందు, ఏది వెనక అన్న తగాదా. ముప్పయ్యేళ్ళు దాటింది.

మొదలైంది గుంటూరులో, పాటలు ఎక్కించే కొట్టు దగ్గర. ఖాళీ సిక్స్టీ క్యాసెట్ కొని, కావలసిన పాటల పేర్లు రూళ్ళ కాగితం మీద వరసగా రాసిస్తే రెండ్రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. లెక్క తప్పితే ఆఖరి పాట మధ్యలోనే తెగిపోయేది. ఇద్దరి జేబుల్లో చిల్లర కలిపితే ఒక్క క్యాసెట్ వచ్చేది కాబట్టి కాగితం కూడా ఒక్కటే. అందులో ఏ పాట ఉండాలన్న దాని మీద మాకు పెద్దగా గొడవ లేదు. ఏది తీసెయ్యాలన్న దగ్గరే మొదలయ్యేది అసలు గొడవ.

'థ్రిల్లర్', 'వాన్న బీ స్టార్టిన్ సమ్‌థిన్' రెండూ ఆరేసి నిమిషాల పాటలు. ఆ రెండూ పెడితే ఒక వైపులో పన్నెండు నిమిషాలు హరీ. వాటి బదులు నాలుగేసి నిమిషాలవి మూడు వస్తాయి. రెండు పెద్ద పాటలు మూడు చిన్న పాటలకు సమానమా? ఇంటర్ లెక్కల మాస్టారు కూడా మమ్మల్ని ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు.

పట్టిక వెయ్యడానికి బావ ఒక నియమం పెట్టాడు: సింగిల్‌గా వచ్చిన పాటలే లెక్కలోకి వస్తాయి. సింగిల్ అంటే ఏడంగుళాల చిన్న రికార్డు, ఆల్బమ్‌లోంచి కంపెనీ ఏరి విడిగా అమ్మే పాట. మన ఊళ్ళలో ఆ రికార్డు మొహం చూసినవాడు లేడు. అయినా నియమం నియమమే. 1982లో వచ్చిన 'థ్రిల్లర్' ఆల్బమ్‌లో తొమ్మిది పాటలుంటే ఏడు సింగిల్స్‌గా వచ్చాయి, ఏడూ అమెరికా చార్టులో మొదటి పదిలోకి చేరాయి. మిగిలిన రెండింట్లో ఒకటి 'ద లేడీ ఇన్ మై లైఫ్'. నాకు ప్రాణమైన పాట అదే. బావ పెన్నుతో అడ్డంగా ఒక గీత కొట్టేశాడు. ఆ గీత ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

రెండో నియమం నాది: వీడియోని లెక్కలోకి తీసుకోకూడదు, కళ్ళు మూసుకుని వినాలి. 'థ్రిల్లర్' పాటకి ఇది చావుదెబ్బ. దాదాపు పద్నాలుగు నిమిషాల ఆ సినిమా లాంటి వీడియోని మర్చిపోయి పాటనొక్కదాన్నే వినమంటే ఎవడి వల్ల అవుతుంది? పైగా మేం వీడియో చూడకముందే 1985లో 'దొంగ' సినిమా చూశాం. 'థ్రిల్లర్'ని అనుకరించిన చిరంజీవి 'గోలీమార్' పాట అప్పటికే మా ఒంట్లోకి ఎక్కేసింది. "మనం మార్కులేస్తున్నది జాక్సన్‌కి కాదురా, చిరంజీవికి" అన్నాడు బావ. ఆ మాటతో 'థ్రిల్లర్' మూడోస్థానం నుంచి ఎనిమిదికి పడిపోయింది. అమెరికా చార్టులోనూ అది నాలుగు దాటి పైకెక్కలేదని తర్వాత తెలిసింది.

అమ్మకాల వరసకి, వినేవాళ్ళ వరసకి పొత్తు కుదరదు. 1987 నాటి 'బ్యాడ్' ఆల్బమ్ నుంచి అయిదు పాటలు అమెరికాలో మొదటి స్థానానికెళ్ళాయి. ఆ అయిదింట్లో 'స్మూత్ క్రిమినల్' లేదు, కానీ బావకి ఆ అయిదూ దాని తర్వాతే. 'స్ట్రేంజర్ ఇన్ మాస్కో' బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది, అమెరికాలో తొంభైల్లో ఉండిపోయింది. ఉద్యోగం కోసం తెలిసినవాడంటూ లేని ఊళ్ళో ఒక్కణ్ణీ గడిపిన ఆ వానాకాలంలో నా పట్టికలో అది అయిదు. పెళ్ళయ్యాక పదకొండు. పాట మారలేదు, గది మారింది.

ఆ పాట జాక్సన్ 1993లో మాస్కోలో ఉండగా రాసుకున్నది. పిల్లల విషయంలో ఆయన మీద ఆరోపణలు మొదలైన రోజులవి. 2005లో కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు, 2019లో వచ్చిన డాక్యుమెంటరీతో ఆరోపణలు మళ్ళీ లేచాయి. మాతోపాటు పట్టికలు వేసే మా తమ్ముడు అది చూశాక కాగితం పక్కన పెట్టేశాడు. "నాకిక ఆ గొంతు వినబడదు, ఆ మనిషే వినబడతాడు" అన్నాడు. నేను వాడితో వాదించలేదు. అన్నీ వాదించి తేల్చుకునేవి కావు.

మరి మేమెందుకు మానలేదు? ఎందుకంటే ఈ తగాదా మాకు వినడం నేర్పింది. "బాగుంది" అంటే బావ ఒప్పుకునేవాడు కాదు. ఎక్కడ బాగుంది, ఏం బాగుంది చెప్పాలి. 'బిల్లీ జీన్'ని మొదటి స్థానంలో ఎందుకు పెట్టానో చెప్పడానికి దాన్ని విడదీసి వినాల్సొచ్చింది. ముందు ఒట్టి డ్రమ్స్, ఆ తర్వాత బేస్ గిటార్, ఆ పైన కీబోర్డ్. గొంతు విప్పడానికి అర నిమిషం దాకా పడుతుంది. అంత సేపెందుకని నిర్మాత క్విన్సీ జోన్స్ తగ్గిద్దామంటే జాక్సన్ ఒప్పుకోలేదట. ఇద్దరు ఉద్దండులు ఆ అర నిమిషం కోసం వాదించుకున్నారని తెలిసినప్పుడు మా తగాదాకి కూడా కాస్త పరువు దక్కినట్టనిపించింది. 'హ్యూమన్ నేచర్' కోసం బావ ఏకంగా మైల్స్ డేవిస్‌ని సాక్ష్యానికి పిలిచాడు. అంతటి జాజ్ విద్వాంసుడు 1985లో ఆ పాటని తన ట్రంపెట్ మీద వాయించాడు మరి.

ఇప్పుడు ఫోన్‌లో అన్ని పాటలూ ఉన్నాయి, దేన్నీ తీసెయ్యనక్కర్లేదు. అందుకే దేన్నీ చివరిదాకా వినడం లేదేమో. పట్టిక వెయ్యడమంటే ఆ పోయిన అరవై నిమిషాల హద్దుని మళ్ళీ గీసుకోవడమే. ఒక పాటని బయటికి పంపాలంటే ముందు దాని మాట పూర్తిగా వినాలి కదా.

ఆ పూర్తిగా వినడంలోనే నా పరువు పోయింది. 'మ్యాన్ ఇన్ ద మిర్రర్'ని నేను ఏళ్ళ తరబడి పదో స్థానంలోనే ఉంచాను. నీరసంగా ఉంటుందని నా వాదన. బావ తల బాదుకునేవాడు. విషయమేమిటంటే, మా క్యాసెట్‌లో రెండో వైపు ఆఖరి పాట అదే. దాదాపు మూడు నిమిషాల దగ్గర 'టప్'మని తెగిపోయేది. సరిగ్గా అక్కడే ఆ పాట అర మెట్టు పైకెక్కుతుంది, వెనక నుంచి చర్చి గాయకుల బృందం లేస్తుంది. బావ ఎవరింట్లోనో అసలు క్యాసెట్ మీద పూర్తిగా విన్నాడు. నేను సగం పాటకి మార్కులేసి, పూర్తి పాట విన్నవాడితో పోట్లాడాను.

పాట మొత్తం విన్ననాడు దాన్ని రెండో స్థానానికి తెచ్చి బావకి చెప్పాను. "ఇన్నాళ్ళకా! నేను దాన్ని ఆరుకి దించాను" అన్నాడు. ఇప్పటికీ ఆ పాట వింటుంటే మూడో నిమిషం దగ్గర పడుతుండగా నా చెవి ఆ 'టప్' కోసం ఎదురుచూస్తుంది. టప్ రాదు. పాట పైకి లేస్తుంది.