శాపం నుంచి విషం దాకా: 'ఎన్మకజె' నవల – ఒక విమర్శ

పంట ఖర్చు అనగానే విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి లెక్కకు వస్తాయి. పొలం గట్టు దాటి గాలిలో, నీటిలో కలిసిపోయే నష్టం ఆ లెక్కలోకి రాదు. ఆ నష్టాన్నే ఇతివృత్తంగా స్వీకరించిన మలయాళ నవల అంబికాసుతన్ మాంగాడ్ రచించిన 'ఎన్మకజె' (2009). ఇది 2017లో 'స్వర్గ' పేరుతో ఆంగ్లంలోకి అనువాదమైంది.

ముందుగా నేపథ్యం తెలుసుకుందాం. ఎన్మకజె కేరళలోని కాసరగోడ్ జిల్లాలో ఒక పంచాయతీ. ఆ జిల్లాలోని ప్రభుత్వ జీడిమామిడి తోటలపై టీ దోమ నివారణకు 1970ల చివరి నుంచి 2000 వరకు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటల చుట్టూ ఇళ్లు, బావులు, వాగులు ఉన్నాయి. అక్కడి పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు, నరాల జబ్బులు ఎక్కువగా కనిపించాయి.

నవలలో ఒక స్త్రీ, ఒక పురుషుడు తమ పేర్లను సైతం వదులుకొని జడధారి కొండ అడవిలో బతుకుతుంటారు. ఒంటినిండా పుండ్లున్న పసిబిడ్డను ఆమె తెచ్చుకోవడంతో వారి ఏకాంతం చెదురుతుంది. ఊళ్లో ఇంటింటా రోగులే. ఇదంతా జడధారి దైవం శాపమని ఊరివారి నమ్మకం.

నవలకు ప్రాణం ఈ నమ్మకంలోనే ఉంది. శాపం అనుకున్నంతకాలం తప్పు బాధితులదే అవుతుంది; విషం అని తెలిశాక దానిని చల్లినవారు జవాబు చెప్పవలసి వస్తుంది. నష్టం కంటికి కనిపించనిది కాదు, దానికి తప్పు పేరు పెట్టడం వల్ల మరుగున పడింది. ఆ పేరును మార్చడమే ఈ కథనం సాధించిన విజయం.

అయితే ముగింపు చర్చనీయం. స్త్రీపురుషులు మనుషుల లోకాన్ని విడిచి జంతువులతో కలిసి గుహలోకి వెళ్తారు. ప్రతీకగా ఇది బలమైనదే. కాని కాసరగోడ్ ప్రజలు గుహలోకి వెళ్లలేదు, న్యాయస్థానానికి వెళ్లారు. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. 2017లో బాధితులకు ఐదేసి లక్షల రూపాయలు చెల్లించాలని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ తీర్పులు నవల తరువాతివే అయినా, 2000లో మందు చల్లడం ఆగింది స్థానికుల పోరాటం వల్లనే. ఆ పోరాటానికి నవలలో చోటున్నా, చివరిమాట మాత్రం దానిది కాలేదు.

పరిహారం ప్రజాధనం నుంచి వచ్చింది. జీడిపప్పు ధరలో అది ఎన్నడూ చేరలేదు. మంచం దిగలేని బిడ్డలను ఏళ్ల తరబడి సాకుతున్న తల్లుల శ్రమకు ఏ చిట్టాలోనూ పద్దు లేదు. నవల చదివేటప్పుడు విద్యార్థులు ఈ ప్రశ్న వేసుకోవాలి: మన కంచంలోకి వచ్చిన పదార్థానికి మనం చెల్లించని వెలను ఎవరు చెల్లించారు?