ముఖమెఱుగని చిత్రకారిణి: ‘హలో స్ట్రేంజర్’ నవలలో అభిజ్ఞానము

నాయికానాయకులలో ఒకరు రెండవవారిని గుర్తింపలేకపోవుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. శాకుంతలమున దుష్యంతుని మఱపునకు దుర్వాసుని శాపము కారణము. ఉంగరము దానికి విరుగుడు. శృంగారనైషధమున దమయంతి యెదుట ఐదుగురు నలులు నిలిచిరి. ఱెప్పపాటు, నేలనంటిన పాదములు మొదలగు గుర్తులు మానవుని వేల్పులనుండి వేఱుచేసినవి. రెండింటను ఏదో యొక బాహ్యచిహ్నము గుర్తింపునకు తోడ్పడినది. చిహ్నములే మోసపుచ్చినచో ఏమగును? అమెరికా రచయిత్రి కేథరిన్ సెంటర్ 2023లో వెలువరించిన ‘హలో స్ట్రేంజర్’ అను ప్రణయనవల ఈ ప్రశ్నను లేవదీయుచున్నది.

నాయిక సేడీ టెక్సాస్ రాష్ట్రమందలి హ్యూస్టన్ నగరవాసిని. రూపచిత్రములు వ్రాయుట ఆమె వృత్తి. పేరుగన్న యొక పోటీలో తుదివిడతకు ఎన్నికైన తరుణముననే ఆమె మెదడునకు శస్త్రచికిత్స జరుగును. పిమ్మట ఆమెకు ముఖములు తెలియవు. ఈ లోపమునకు 1947లో జర్మన్ వైద్యుడు బోడమర్ ‘ప్రోసోపాగ్నోసియా’ అని పేరిడెను. దీనిని ముఖాంధత యనవచ్చును. ఇందు చూపు చెడదు. కన్ను, ముక్కు, నోరు విడివిడిగ కనబడుచునే యుండును. అవి కూడి ‘ఈతడు ఫలానా’ అను ఎఱుకను మాత్రము కలిగింపవు. చిత్రకారిణికి ఇట్టి లోపమును కల్పించుట అసంభావ్యమని కొందఱు శంకింపవచ్చును. కాని మహాకాయములగు ముఖచిత్రములకు ప్రసిద్ధుడైన అమెరికా చిత్రకారుడు చక్ క్లోజ్ (1940–2021) జీవితమంతయు ఈ లోపముతోనే చిత్రించెను. కావున వస్తువునందు దోషము లేదు.

అసలు చిక్కు కథాసంవిధానమున నున్నది. సేడీ ఒక పశువైద్యుని చూచి, ఈతడే తనకు తగిన భర్త యని నిశ్చయించుకొనును. తానుండు భవనముననే యున్న వేఱొకనిని మొదట నీచునిగ తలచి, క్రమముగ ప్రేమించును. ఇరువురును ఒక్కడే. పాతకాలపు బౌలింగు కోటుపై కుట్టియున్న ‘జో’ అను పేరునే ఆమె పొరుగువాని పేరుగ గ్రహించినది. వైద్యుని తెల్లకోటు మఱియొక వ్యక్తిని కల్పించినది. ముఖాంధత గలవారు కంఠస్వరమును, నడకను ఆధారము చేసికొందురు గదా, సేడీ ఆ స్వరము నేల పోల్చుకొనలేదు? ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు.

దీనికి సమాధానము వేదాంతులు చెప్పు ఆవరణ విక్షేపములందు దొరకునని మా యభిప్రాయము. త్రాడు కనబడకపోవుట ఆవరణము. అచట పాము తోచుట విక్షేపము. సేడీకి వ్యాధి కలిగించినది ఆవరణము మాత్రమే. విక్షేపము ఆమె స్వయంకృతము. లిఫ్టులో ఆ పొరుగువాడు ఫోనులో పలికిన మాటలు ఒక స్త్రీని అవమానించునవిగ ఆమెకు వినబడినవి. అవి నిజమునకు ఒక కుక్కను గూర్చినవి. ముఖము చక్కగ గుర్తింపగలవారును ఇట్లే పొరబడుదురు. మనసు ముందుగ తీర్పు చెప్పినపిదప చెవి సాక్ష్యము చెల్లదు. దుష్యంతుని శాపము కొంతవఱకు నిర్దోషిని చేసినది. సేడీని వ్యాధి అట్లు చేయదు. ఈ నవల గౌరవార్హమగుట ఇందువలననే. వ్యాధిగ్రస్తురాలిని కేవలము జాలికి పాత్రము చేయక, తన తలంపులకు తానే బాధ్యురాలిగ రచయిత్రి నిలిపినది.

ఐనను ఈ సమర్థన తొలిపరిచయములకు చాలినట్లు తుదిదాక చాలదు. జో ఆమె చిత్రమునకై యెదుట కూర్చుండును. ఉన్నదానిని ఉన్నట్లు చూచుట చిత్రకారునికి ప్రథమాభ్యాసము. విక్షేపమును తొలగించు సాధనయు అదియే. అంతటి సన్నిధియందును భ్రాంతి నిలుచుట పాత్రస్వభావమువలన గాక కథావసరమువలన జరిగినట్లు తోచును. వృత్తిని గూర్చిన సూటిప్రశ్న యొక్కటి చాలును, ముడి విడిపోవుటకు. దానిని వాయిదా వేయుటకై రచయిత్రి పడిన శ్రమ పాఠకునికి కనబడుచున్నది.

అభిజ్ఞానమును గూర్చి పరిశోధించువారు చిహ్నములను మాత్రమే లెక్కించుట పరిపాటియైనది. ఏది కప్పబడినది, ఏది కల్పింపబడినది అను విభాగము చేసినచో పాత్రల గుణదోషములు మఱింత తేటపడును. ఉంగరము లేని కథలందు ఈ విచారము మఱియు నావశ్యకము.