ఏది రాయాలి, ఏది వదలాలి

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ తెలుగు ఇళ్లలో పన్నెండో తరగతి పిల్లలుంటే అక్టోబరులో ఒకటే హడావుడి. అమెరికాలో చాలా కాలేజీలకు ముందస్తు దరఖాస్తుల గడువు నవంబరు 1. ఆ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్‌లో స్వీయ వ్యాసం 250 పదాలకు తగ్గకూడదు, 650 దాటకూడదు. పదిహేడేళ్ల బతుకులోంచి అందులో ఏం పెట్టాలి?

మన పిల్లలకిది అలవాటు లేని పని. ఢిల్లీ యూనివర్సిటీ 2022 నుంచి సీయూఈటీ ప్రవేశ పరీక్ష మార్కులతో సీట్లిస్తోంది. అంతకుముందు కటాఫ్‌లు, 2021లో కొన్ని కోర్సులకు అవి నూటికి నూరు చేరాయి. టీటీడీ 1961లో ఢిల్లీలో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కాలేజీకైనా దారి అదే. ‘నీ సంగతి చెప్పు’ అని ఎవరూ అడగరు. అమెరికా కాలేజీలు అడిగేసరికి పిల్లలు సర్టిఫికెట్ల ఫైలు తెరుస్తారు. ఒలింపియాడ్, డిబేట్, ఎన్జీవో సేవ అన్నీ వరసగా దించుతారు. వాటికి దరఖాస్తులోనే వేరే గడులున్నాయి. వ్యాసంలో మళ్లీ రాస్తే చోటు దండగ.

ద్వారకాలో ఉండే ఒక అమ్మాయి నాకు చూపించిన మొదటి చిత్తుప్రతి ఢిల్లీ పొగమంచు మీద. తప్పుల్లేవు, కానీ అందులో ఆ అమ్మాయి లేదు. మాటల్లో వాళ్ల అమ్మమ్మ ప్రస్తావన వచ్చింది. తణుకు నుంచి వచ్చిన ఆవిడకు హిందీ రాదు. ఆస్పత్రిలో డాక్టరు మాట ఆవిడకూ, ఆవిడ మాట డాక్టరుకూ ఈ పిల్లే చెప్పాలి. ఒకరోజు ఆవిడ, ‘మాత్రలు మానేశానని ఆయనకు చెప్పకే’ అంది. చెప్పాలా, అమ్మమ్మ మాట నిలబెట్టాలా? ఆ అమ్మాయి డాక్టరుకు చెప్పేసింది. అమ్మమ్మ అలిగి వారం రోజులు మాట్లాడలేదు. ‘ఇది రాయమ్మా’ అన్నాను. ‘ఇది రాయొచ్చా అండీ?’ అని ఆశ్చర్యపోయింది.

రాసేముందు అమ్మమ్మను అడిగింది. జబ్బు పేరు తీసేసింది. ఆవిడ బాధను సాగదీసి చెప్పకుండా, తాను తటపటాయించిన ఆ నిమిషాన్నే రాసింది. నా దృష్టిలో ఎంపిక అంటే అదే. నువ్వు నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిన చోటు ఉంచు. ఇంకొకరి గుట్టు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకు. సానుభూతి కోసం ఇంటి కష్టాన్ని అమ్మకానికి పెట్టకు.

ఎవరు అడుగుతున్నారో కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే యూకాస్ 2026 ప్రవేశాల నుంచి ఒకే పెద్ద వ్యాసం బదులు మూడు ప్రశ్నలు పెట్టింది: ఈ సబ్జెక్టు ఎందుకు, చదువు నిన్నెలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు. అక్కడ చదవబోయే సబ్జెక్టు మీది ఆసక్తికే పెద్దపీట. ఇదే అమ్మాయి అక్కడ మెడిసిన్‌కు దరఖాస్తు చేస్తే ఆస్పత్రి సంగతి రెండు వాక్యాల్లో ముగించి, దానివల్ల ఏం చదివిందో, ఏం తెలుసుకుందో చెప్పాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. దరఖాస్తులో ఉన్నదంతా తన సొంతమేనని సంతకం చేసేది మీ బిడ్డ. కన్సల్టెంటుతో రాయించకండి, మీరూ రాసిపెట్టకండి. ఓ సాయంత్రం పక్కన కూర్చుని, ‘నీకు నువ్వుగా తేల్చుకున్న సంగతి ఏదైనా ఉందా?’ అని అడగండి. చెప్పింది పూర్తిగా వినండి. అందులో ఏది రాయాలో, ఏది వదలాలో తననే తేల్చుకోనివ్వండి.