సింకు కూడా పీక్కుపోయారు

ఈ వారం నాకు జర్మనీ వాళ్ల మీద ఒళ్లు మండింది. మా మేనల్లుడు మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరి, ఇల్లు దొరక్క నానా అగచాట్లు పడ్డాడు. ఎట్టకేలకు దొరికింది. ఒకటే గది. అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించి అడగకూడదని అక్కడ చట్టం, అంతవరకూ బెంగళూరు కంటే నయం. తీరా వీడియో కాల్‌లో చూస్తే వంట చేసుకునే మూల గోడలోంచి నీళ్ల పైపు, కరెంటు వైర్లు బయటికొచ్చి ఉన్నాయి. గట్టు లేదు, పొయ్యి లేదు, సింకూ లేదు. ఖాళీ చేసినవాళ్లు అన్నీ విప్పుకుని పట్టుకుపోయారట. అక్కడది మామూలేనట!

ఇల్లంటే వంటిల్లే, మిగతావన్నీ దానికి వసారాలని నేనెన్నిసార్లు వాదించానో పాత పాఠకులకు తెలుసు. "సింకు కూడా పీక్కుపోతారా, వాళ్లేం మనుషుల్రా?" అన్నాను. "మనం ఫ్యాన్లు విప్పుకుపోమా మావయ్యా?" అన్నాడు వాడు.

నోరు మూతపడింది. చదువుకునే రోజుల్లో తెనాలిలో నాకు అద్దెకిచ్చిన గదిలో నాలుగు గోడలు, ఫ్యానుకో కొక్కెం, అంతే. మా ఊరు చుండూరు నుంచి పాసింజరులో బత్తీల స్టవ్వు, కిరసనాయిలు డబ్బా, చాప, బియ్యం మూట మోసుకెళ్లాం. స్టవ్వు పెట్టిన మూల గోడ మసిబారిందని ఇంటావిడ నెలనెలా సాధించేది. సున్నం వేయించమంటే మాత్రం వినపడనట్టు లోపలికెళ్లిపోయేది. ఖాళీ చేసేటప్పుడు మా నాన్న బల్బు కూడా తిప్పి తీసి, పాత పేపర్లో చుట్టి సంచిలో వేశాడు.

ఊరొదిలి వెళ్లేవాళ్లెవరో అమ్ముతుంటే మా మేనల్లుడు పాత కిచెన్ కొని బిగించుకున్నాడు. జర్మనీ కరెంటూ మనలాగే 230 వోల్టులు కాబట్టి మా అక్క సర్దిచ్చిన మిక్సీ, అమెరికా వెళ్లిన మిక్సీల్లా అటకెక్కలేదు. కాకపోతే రాత్రి 10 దాటినా, ఆదివారమైనా చప్పుడు చేయకూడదు. అందుకని శనివారం సాయంత్రమే మినపప్పు రుబ్బుకుంటాడు. మా చేలో వరికోత ముందు చల్లి పండించిన మినుముల పప్పే. చలికి పిండి పులవకపోతే గిన్నెను ఓవెన్‌లో పెట్టి, వేడి పెట్టకుండా లోపలి లైటు మాత్రం వేసి వదిలేస్తాడు. తెల్లారేసరికి పొంగి మూత ఎత్తుతోందట. ఆ ఇడ్లీ ఫొటో చూసి, వీడు స్థిరపడ్డట్టేనని మా అక్కకు చెప్పాను కూడా.

ఎక్కడ? పోస్టులో రావలసిన బ్యాంకు కార్డు రాలేదు. వెనక్కి వెళ్లిపోయింది. అక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఫ్లాట్ నంబర్లుండవు, పోస్టు డబ్బా మీద పేరు చూసే ఉత్తరం వేస్తారు. వీడి డబ్బా మీద ఇంకా పాతవాళ్ల పేరే ఉంది. చుండూరులో తండ్రి పేరు చెబితే చాలు, ఉత్తరం గుమ్మంలోకి వస్తుంది. అక్కడ వీడి తండ్రి ఎవరో ఎవడికి తెలుసు? ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలన్నది గుర్తుపెట్టుకున్నాడు గానీ, ఈ చిన్న పేరు చీటీ సంగతి వదిలేశాడు. పొయ్యి లేకుండా బ్రెడ్డు తిని నెట్టుకొచ్చాడు. కార్డు రాకపోయేసరికి మాత్రం కదల్లేకపోయాడు.

వంటిల్లే ఇల్లన్న నా వాదన చుండూరులో చెల్లుతుంది, మ్యూనిక్‌లో చెల్లదు. పిల్లల్ని జర్మనీ పంపే తల్లిదండ్రులారా, ఆవకాయ జాడీ మూత బిగించే ముందు వాళ్లకో మాట చెప్పండి: తాళాలు చేతికొచ్చిన రోజే డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా పేరు పెట్టించుకోమనండి. ఇడ్లీ పాత్ర తర్వాత పంపొచ్చు.