థైమస్ పెప్టైడ్లు – ఆరోగ్యకర వార్ధక్యం: ‘రోగనిరోధక శక్తి’ భావనపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
థైమస్ గ్రంథికి సంబంధించిన పెప్టైడ్లు మలివయసులో ‘రోగనిరోధక శక్తిని పెంచుతాయి’ అన్న వాదన విస్తృత ప్రచారంలో ఉంది. ఆ వాదనకున్న ఆధారాలను, దానిని మోస్తున్న తెలుగు పదజాలాన్ని కలిపి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. శ్రీకాకుళం తీరప్రాంతపు మూత్రపిండ వ్యాధిగ్రస్తుల స్థితిని గీటురాయిగా గ్రహించి, ‘శక్తి’ అన్న మాట థైమస్ చేసే పనిని సరిగా చెప్పలేకపోతున్నదని, ఆ లోపం చికిత్సా నిర్ణయాలను సైతం పక్కదారి పట్టించగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: థైమస్, థైమోసిన్ ఆల్ఫా–1, వార్ధక్యం, రోగనిరోధకత, ఉద్దానం, శాస్త్రపరిభాష.

1. ప్రవేశిక:
వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం నుంచి తీరం వెంబడి ఈశాన్యంగా సాగితే కొబ్బరి, జీడిమామిడి తోటల ఉద్దానం వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలను కారణం పూర్తిగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఏళ్ల తరబడి పీడిస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానికి అనుబంధంగా మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వ్యాధి ఇంటింటి మాటగా మారిన చోట ‘ఇమ్యూనిటీ పెంచే మందు’ అన్న పలుకు ఆశ కలిగించడం సహజం. ఆ ఆశకు ఆధారమెంత అన్నది విమర్శకు లోనుకావలసిన ప్రశ్న.

2. థైమస్ చేసే పని:
రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ ప్రాధాన్యం 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలలో ఆ గ్రంథిని తొలగించి ఫలితాలను ప్రకటించిన తరువాతనే స్పష్టమైంది. ఎముక మజ్జలో పుట్టిన కణాలు ఇక్కడికి చేరి టి–కణాలుగా పరిణతి పొందుతాయి. శరీరపు గుర్తులను చదవలేనివి, శరీరం మీదనే తిరగబడేవి ఈ దశలోనే నశిస్తాయి. నూటికి సుమారు ఐదు కణాలు మాత్రమే ఈ పరీక్షలో నెగ్గుతాయి. యౌవనారంభం తరువాత గ్రంథి మరింతగా కుంచించుకుపోయి, దాని స్థానాన్ని క్రమంగా కొవ్వు ఆక్రమిస్తుంది.

అయినా పెద్దవారిలో అది నిరుపయోగం కాదు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనంలో, థైమస్ తొలగించిన వారిలో ఐదేళ్లలో మరణాలు 8.1 శాతం కాగా, ఇతర ఛాతీ శస్త్రచికిత్సలు జరిగిన వారిలో 2.8 శాతం. పెప్టైడ్ల సమర్థకులకు ఇది అనుకూలంగా కనిపించవచ్చు. కాని గ్రంథి అవసరమని రుజువైనంత మాత్రాన, దాని పేరు పెట్టుకున్న సూదిమందు ఆ లోటును తీరుస్తుందని రుజువైనట్లు కాదు.

3. ఆధారాల తూకం:
1966లో అలన్ గోల్డ్‌స్టీన్, అబ్రహాం వైట్ థైమస్ నుంచి వేరుచేసిన పదార్థానికి ‘థైమోసిన్’ అని పేరు పెట్టారు. 28 అమైనో ఆమ్లాల థైమోసిన్ ఆల్ఫా–1 నిర్మాణం 1977లో వెల్లడైంది. దీనికి మూలమైన ప్రోథైమోసిన్ థైమస్‌లోనే కాక దాదాపు అన్ని కణజాలాలలోనూ కనిపిస్తుంది. కనుక ‘థైమస్ హార్మోను’ అన్న వ్యవహారంలోనే కొంత అతివ్యాప్తి దోషముంది.

ఆల్ఫా–1ను కొన్ని దేశాలు దీర్ఘకాలిక హెపటైటిస్–బి చికిత్సకు ఆమోదించాయి. వృద్ధులలో ఫ్లూ టీకాకు ప్రతిరక్షకాల స్పందనను అది మెరుగుపరచిందని 1989 నాటి చిన్న ప్రయోగమొకటి చూపింది. చైనాలోని 22 ఆసుపత్రులలో 1,106 మంది సెప్సిస్ రోగులపై జరిగి 2025లో ప్రచురితమైన ప్రయోగంలో మాత్రం 28 రోజుల మరణాలు మందు పొందిన వారిలో 23.4 శాతం, పొందని వారిలో 24.1 శాతం. తేడా లేనట్లే. అరవై దాటిన వారిలో మేలు జరిగి ఉండవచ్చన్న సూచన అందులో కనిపించినా, అది మరో ప్రయోగానికి ప్రశ్న కాగలదే తప్ప సిద్ధాంతం కాజాలదు.

దీర్ఘాయువు వాదనకు తరచుగా చూపే ఆధారం పశువుల థైమస్ నుంచి తీసిన థైమాలిన్ గురించినది. ఖావిన్సన్, మొరొజోవ్ 2003లో ప్రకటించిన ఈ పరిశీలనలో 266 మంది వృద్ధులను ఆరు నుంచి ఎనిమిదేళ్లు గమనించి, మరణాలు సగానికి తగ్గాయని చెప్పారు. మందును రూపొందించినవారే దానిని పరీక్షించారు. ఇంతటి ఫలితాన్ని ఒక చిన్న పరిశీలన ఒంటరిగా నిలబెట్టలేదు.

4. ‘శక్తి’ అన్న పదం:
‘రోగనిరోధక శక్తి’ అనగానే ‘పెరుగు’, ‘తగ్గు’, ‘కూడబెట్టు’ అన్న క్రియలు వెంట వస్తాయి. శక్తి ఎంత ఎక్కువైతే అంత మేలన్న ధ్వని పదంలోనే ఉంది. థైమస్ పని ఆ ధ్వనికి లొంగదు. అది హంసక్షీర న్యాయానికి దగ్గరైన తన–పర వివేచన. చరకసంహితలోని ‘వ్యాధిక్షమత్వం’ ఇక్కడ స్మరణీయం. ‘క్షమ’కు ఓర్పు, సామర్థ్యం అన్న రెండర్థాలూ ఉన్నాయి. ప్రాచీనులకు ఆధునిక విజ్ఞానం తెలుసునని చెప్పడానికి ఇది సాక్ష్యం కాదు. ఒక భావానికి ‘శక్తి’ కన్న విశాలమైన మాట దొరుకుతుందనడానికి మాత్రం సాక్ష్యం.

నిరోధకతను అదుపుచేయడం కూడా వైద్యమేనని తెలుగువారికి దగ్గరి ఉదాహరణే చెబుతుంది. యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల రూపొందించిన మెథోట్రెక్సేట్, నేడు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో దారితప్పిన నిరోధక చర్యను నెమ్మదింపజేయడానికి వాడుకలో ఉంది. ఆ రోగికి ‘శక్తి పెంచడం’ అపకారమే.

5. ఉద్దానం గీటురాయిగా:
ఉద్దానపు రోగుల విషయంలో ఈ పదచర్చ ప్రాణసంబంధి. డయాలసిస్ పొందేవారిలో టీకాలకు స్పందన బలహీనం. అందుకే వారికి హెపటైటిస్–బి టీకాను సాధారణంగా అధిక మోతాదులో ఇస్తారు. ఇటువంటి వారిలో ఆల్ఫా–1 టీకాకు తోడ్పడుతుందా అన్నది పరిశోధించదగిన ప్రశ్న. 1990 ప్రాంతంలోనే చిన్న ప్రయత్నాలు జరిగాయి. మూత్రపిండ మార్పిడి జరిగినవారి స్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా వారి నిరోధకతను మందులతో బుద్ధిపూర్వకంగా అణచి ఉంచుతారు. అటువంటివారికి, మేలు ముప్పును స్పష్టంగా మించితే తప్ప ఆల్ఫా–1 ఇవ్వరాదని ఆ మందు సూచనపత్రమే హెచ్చరిస్తుంది. ఒకే ఊరిలో, ఒకే వ్యాధి తాలూకు రెండు దశలలో ఉన్న ఇద్దరికి ‘ఇమ్యూనిటీ పెంచే మందు’ అన్న ఒకే మాట రెండు విరుద్ధ ఫలితాలకు దారితీయగలదు.

6. ముగింపు:
థైమస్ పెప్టైడ్లలో పరిశోధనకు యోగ్యమైన అంశముంది. ఆరోగ్యకర వార్ధక్యానికి సాధారణ ఔషధంగా వాటిని నిలిపే ఆధారం మాత్రం లేదు. ఈ రెండు వాక్యాల నడుమనున్న దూరాన్ని ‘శక్తి’ అన్న పదం చెరిపివేస్తున్నది. పాఠ్యపుస్తకాలలోను, ఆరోగ్య వ్యాసాలలోను ‘రోగనిరోధకత’ అన్న తటస్థ పదాన్ని వాడి, ‘పెంచడం’ అన్నచోట ఎవరికి, ఏ వ్యాధిలో, దేనికి తోడుగా అని చెప్పడం తెలుగు శాస్త్రరచన పాటించవలసిన కనీస నియమం. సందేహం వచ్చినప్పుడు ప్రశ్నించే అవకాశం రోగికి అతని భాషలోనే దొరకాలి.