‘ఆద్యము’ అను ఒక్క మాట

ధర్మశాస్త్ర గ్రంథములను సాహిత్య విమర్శకులు సాధారణముగా తడవరు. అవి వకీళ్ల సొత్తనియు, కావ్యమర్మజ్ఞులకు వానితో పని లేదనియు ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. కాని వివాహిత స్త్రీ చేతిలోని పొలము నిజముగా ఆమెదా, లేక ఆమె బ్రతికినంత కాలము ఆమె యొద్ద ఉంచబడినదా అను వివాదము ఒక శ్లోకమునందలి పాఠభేదముతో, ఒక వ్యాఖ్యాత చేసిన పదవివరణముతో ముడిపడి శతాబ్దుల పర్యంతము నడచినది. పదముల బరువు తూచుట వృత్తిగా గలవారు ఈ వివాదమును విడిచిపెట్టుట తగదు.

యాజ్ఞవల్క్య స్మృతిలో స్త్రీధనమును నిర్వచించు శ్లోకము మిక్కిలి చిన్నది. తల్లిదండ్రులు, భర్త, సోదరుడు ఇచ్చినది, వివాహమున అగ్నిసన్నిధిని వచ్చినది, ఆధివేదనికము. భర్త మరొకతెను పెండ్లాడునపుడు మొదటి భార్యకు చెల్లించు పరిహారమునకు ఆధివేదనికమని పేరు. ఈ చివరి మాటకు తోకగా ‘ఆద్యము’ అనియున్నది, అనగా ‘మొదలగునది’. శ్లోకపూరణమునకై వేసినదని దాటిపోదగిన మాట అది. కళ్యాణమున చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలములో మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు దాటిపోలేదు. ఆ ‘మొదలగునది’లో దాయముగా వచ్చినది, కొన్నది, పంపకమున దక్కినది, పరిగ్రహించినది, దొరకినది అన్నియు చేరునని ఆయన వ్యాఖ్యానించెను. అంతటితో ఆగక, స్త్రీధనమను శబ్దమును యౌగికార్థముననే గ్రహింపవలెను గాని పారిభాషికార్థమున గ్రహింపరాదని నిర్ణయించెను. అనగా స్త్రీకి చెందిన ధనమేదైనను స్త్రీధనమే. వ్యాకరణము తెలిసినవాడు చేసిన తీర్పు ఇది.

వంగదేశమున దాయభాగమును రచించిన జీమూతవాహనుడు అదే శ్లోకమును వేరు పాఠముతో చదివెను. ఆయన పాఠమున ‘ఆద్యం చ’ అనుటకు మారుగా ‘చైవ’ అనియున్నది. తలుపు మూసికొన్నది! భర్త అనుమతితో నిమిత్తము లేకుండ స్త్రీ ఇచ్చుటకు, అమ్ముటకు, అనుభవించుటకు వీలైనది మాత్రమే స్త్రీధనమని ఆయన సిద్ధాంతము. రెండక్షరముల తేడా రెండు న్యాయసంప్రదాయములకు దారితీసినదనుట అతిశయోక్తియే యగును; ఆచారము, దేశకాలములు ముందే వేరు దారులు పట్టియుండును. అయినను వ్యాఖ్యాతలిద్దరును తమ మార్గమును సమర్థించుకొనుటకు ఆశ్రయించినది ఈ రెండక్షరములనే.

ఇంతమాత్రమున విజ్ఞానేశ్వరుని స్త్రీజనోద్ధారకుడుగా నిలబెట్టుట పొరపాటు. నిర్వచనమున ఉదారుడైన ఆయన వ్యవహారమున అంత ఉదారుడు కాడు. ధనమెవరిదో చెప్పెను గాని దానిని ఆమె ఎంత స్వేచ్ఛగా అమ్ముకొనవచ్చునో ఆ ఘట్టమున చెప్పలేదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. మితాక్షర పద్ధతిని అవిభక్తుడై మరణించిన వాని భాగము బ్రతికియున్న దాయాదులకు పోవును. వితంతువునకు మిగులునది మనోవర్తి. జీమూతవాహనుడు నిర్వచనమును బిగించినను, పుత్రులు లేని వితంతువునకు అవిభక్త కుటుంబమున సైతము భర్త భాగమును ఇచ్చెను. ఒకరు పాత్రను పెద్దది చేసి పోయుట మరచిరి. మరియొకరు పోసిరి గాని పాత్రకు మూత బిగించిరి.

ఈ మితాక్షరను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. సాహిత్య చరిత్రకారులు కేతనను దశకుమారచరిత్రము వలన అభినవదండిగను, ఆంధ్రభాషాభూషణము వలన తొలి తెలుగు వ్యాకర్తగను స్మరించి, విజ్ఞానేశ్వరమును ఒక వాక్యముతో సరిపుచ్చుదురు. ఇది అన్యాయము. సంస్కృత వ్యవహారశాస్త్రమును దేశభాషలో, అదియును పద్యమున చెప్పబూనుట సాహసము. వ్యాఖ్యానమున గల తర్కము పద్యమున ఇముడుట కష్టము. సూత్రము ఇముడును, దాని వెనుకనున్న వాదము జారిపోవును. అనువాదము చేయువారందరును ఎరిగిన చిక్కే ఇది. అయినను వ్యవహారకాండమును తెలుగున వినదలచినవారికి అది దొరకినది.

శాస్త్రము సంగతి అట్లుండ, తెలుగు స్త్రీల ఆస్తికి తెలుగు మాటలు వేరుగా కలవు. అరణము, సారె, పసుపుకుంకుమ. పసుపుకుంకుమ క్రింద కూతునకు భూమి నిచ్చుట ఈ దేశమున చిరకాలాచారము. బహుమానమను అర్థమున ఒకప్పుడు వాడుకలోనున్న కట్నమను మాట ఇప్పుడు వరునికి చెల్లించు వెలకు పేరైనది. అర్థసంకోచమునకు భాషాశాస్త్రజ్ఞులు ఉదాహరణములు వెదకుచుందురు. ఇంతకంటె విషాదకరమైనది దొరకుట అరుదు.

ఇంగ్లీషు ప్రభుత్వము వచ్చిన పిదప మితాక్షర దాయభాగ ప్రకరణమును, జీమూతవాహనుని గ్రంథమును కోల్‌బ్రూక్ ఆంగ్లమునకు అనువదించి 1810లో కలకత్తాలో ప్రకటించెను. తప్పు అనువాదకునిది కాదు. దాయము, క్రయము, పంపకము అన్నియు ఆంగ్లమునను యథాతథముగా నిలచినవి. అయినను 1867లో భగవాన్‌దీన్ దూబే, మైనాబాయి వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలు భర్త నుండి వితంతువునకు సంక్రమించిన ఆస్తి ఆమె స్త్రీధనము కాదని తీర్పు చెప్పినది. 1903లో శివశంకర్‌లాల్, దేవీసహాయ్ వ్యాజ్యమున, స్త్రీ నుండి స్త్రీకి దాయముగా వచ్చినది సైతము అట్టిది కాదనెను. విజ్ఞానేశ్వరుని వాక్యము న్యాయమూర్తుల యెదుట లేకపోలేదు, ఉండియు చెల్లలేదు. యౌగికార్థము తొలగి పారిభాషికార్థము సింహాసనమెక్కెను. దాయభాగము వర్తించని ప్రాంతములకు సైతము జీమూతవాహనుని బిగువే, ఒక్క బొంబాయి ప్రాంతము కొంత మినహాయింపుగా, లండను నుండి విధింపబడినట్లయినది.

ఈ తీర్పుల వలన ‘పరిమిత హక్కు’ స్థిరపడినది. వితంతువు పొలమును దున్నించుకొనవచ్చును, ఫలసాయమును తినవచ్చును. శాస్త్రసమ్మతమైన అవసరము లేనిదే అమ్మరాదు. ఆమె మరణించినంతనే ఆస్తి ఆమె వారసులకు గాక భర్త వారసులకు పోవును. కోర్టు తెలుగున వారు ‘రివర్షనర్లు’. ఈ మాట పల్లెటూళ్లకు కూడ ప్రాకినదనిన దాని పేరిట ఎన్ని వ్యాజ్యములు నడచినవో ఊహింపవచ్చును. పునర్వివాహము చేసికొన్నచో ఆ పరిమిత హక్కును పోవును. 1856 నాటి వితంతు వివాహ శాసనపు 2వ సెక్షను అట్లు విధించినది. 1881 డిసెంబరు 11న వీరేశలింగము రాజమహేంద్రవరమున జరిపించిన తొలి వితంతు వివాహమును తలచుకొనునపుడు, అట్టి వధువులకు క్రొత్త సంసారముతో పాటు పాత భర్త ఆస్తిపై హక్కు పోవుటయు శాసనబద్ధమేనని కూడ తలచుకొనవలెను.

అదే ఇంగ్లీషువారి స్వదేశమున భార్యకు భర్తనుండి వేరైన న్యాయవ్యక్తిత్వమే చాలకాలము లేదు. 1870, 1882 శాసనములతో గాని అక్కడి వివాహిత స్త్రీకి తన సంపాదన తనది కాలేదు. ఆ రెండింటి నడుమ, 1874లో, భారతదేశమున వివాహిత స్త్రీల ఆస్తి శాసనము వచ్చినది. కాని హిందూ, మహమ్మదీయ, బౌద్ధ, సిక్కు, జైన స్త్రీలకు అది వర్తింపదని అందులోనే వ్రాసియున్నది. శిల్పముచే స్త్రీ ఆర్జించినది భర్త స్వామ్యమునకు లోబడునని కాత్యాయనుడు చెప్పెను; ఆ విషయమున హిందూ స్త్రీకి 1874 శాసనము తోడు రాలేదు.

1937 నాటి శాసనము వితంతువునకు కుమారునితో సమానమైన భాగమును, అవిభక్త కుటుంబమున భర్త హక్కును ఇచ్చినది. ఇచ్చి, అది పరిమిత హక్కే యని ముడివేసినది. ప్రాంతములలోని వ్యవసాయ భూములకు అది వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చినది. వ్యవసాయమే ఆస్తియైన దేశమున ఇది ఎట్టి వరమో వేరుగ చెప్పనక్కరలేదు. హిందూకోడు బిల్లు నిలిచిపోవుట ముఖ్యకారణముగా 1951లో అంబేడ్కరు మంత్రిపదవికి రాజీనామా చేసెను.

కోడు ముక్కలై తిరిగివచ్చినది. 1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ శాసనపు 14వ సెక్షనును వచనముగా చదువుట మేలు. స్త్రీ అధీనమునందున్న ఆస్తికి ఆమెయే సంపూర్ణ స్వామిని యని చెప్పి, ఆస్తి యనగా నేమో వివరించుటలో శాసనకర్తలు ఒక జాబితా నిచ్చిరి: దాయము, పంపకము, మనోవర్తికి బదులు వచ్చినది, కానుక, స్వయంకృషి, క్రయము. జాబితా తుదను, మరి యే విధముగ వచ్చినదైనను సరియే యను భావము గల మాటలు చేర్చిరి. ఇది ‘ఆద్యము’ కాక మరేమి? కళ్యాణమున వ్యాఖ్యానింపబడిన మాట ఢిల్లీలో శాసనముగ మరల పుట్టినది. ఈమారు విజ్ఞానేశ్వరుడు చెప్పక విడిచినదియు, అనగా సంపూర్ణ స్వామ్యము, వాక్యముననే కలదు.

కాని శాసనమునకును ‘చైవ’ ఒకటి కలదు. అదే సెక్షను రెండవ భాగము: కానుక పత్రము, వీలునామా, డిక్రీ మొదలైనవి పరిమిత హక్కునే ఇచ్చినచో ఆ పరిమితి నిలుచును. ఈ రెండు భాగముల పోరునకు నెల్లూరు సీమ వ్యాజ్యమొకటి రంగమైనది. అవిభక్త కుటుంబమున 1931లో భర్తను పోగొట్టుకొన్న తులసమ్మ మనోవర్తికై 1944లో వ్యాజ్యము వేసెను. 1949లో రాజీ; కొన్ని ఆస్తులు ఆమె జీవితాంతము అనుభవించునట్లు వ్రాసికొనిరి. 1956 తరువాత ఆమె వానిలో కొంత అమ్మగా మరది ఎదురుతిరిగెను. రాజీ పత్రమున జీవితకాలపు హక్కని స్పష్టముగ నున్నది. అక్షరార్థమును పట్టుకొన్నచో ఆమె ఓడవలసినదే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఓడినది కూడ. 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పెను. మనోవర్తి హక్కు రాజీ పత్రముతో పుట్టినది కాదు, అంతకు ముందే యున్నది; ముందున్న హక్కునకు బదులు వచ్చిన ఆస్తిని పత్రములోని మాట కుదింపజాలదని న్యాయస్థానపు నిర్ణయము. మితాక్షర దయతలచి విడిచిన ఎంగిలి మెతుకు వంటి మనోవర్తియే సంపూర్ణ స్వామ్యమునకు మూలమగుట ఇందలి విశేషము.

అటుపై అన్నియు ఏకముఖముగ సాగలేదు. 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశ్ సవరణ కుమార్తెను కుమారునితో సమానముగ పుట్టుకతోనే దాయాదిని చేసినది. అంతకు ముందే వివాహమైన కుమార్తెలను మాత్రము వెలుపల నుంచినది. తాళి కట్టిన తేదీ హక్కునకు హద్దురాయి యగుట విచిత్రము. 2005 నాటి కేంద్ర సవరణలో ఆ హద్దు లేదు. తండ్రి ఆనాటికి జీవించియుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను.

ఆర్జనమున తెరచుకొన్న తలుపు వారసత్వమున తెరచుకొనలేదు. సంతానము లేని స్త్రీ ధనము, ప్రశస్త వివాహమైనచో భర్తకును అతని సపిండులకును, అప్రశస్త వివాహమైనచో తల్లిదండ్రులకును పోవునని మితాక్షర. 1956 శాసనపు 15వ సెక్షను ఈ రెండింటిలో మొదటిదానినే నిలుపుకొన్నది. సంతానము, భర్త లేనిచో ఆమె ఆస్తి, పుట్టింటి నుండి దాయముగా వచ్చినది తప్ప, ముందు భర్త వారసులకు, పిదపనే తల్లిదండ్రులకు. 2009లో సుప్రీంకోర్టు యెదుటకు వచ్చిన వ్యాజ్యమున, వివాహమైన మూడు నెలలకే వితంతువై అత్తింటివారిచే వెడలగొట్టబడి, పుట్టింట చదువుకొని, ఉద్యోగము చేసి సొంతముగ కూడబెట్టిన స్త్రీ వీలునామా వ్రాయక మరణించెను. తల్లి అడిగినది, భర్త సోదరి కుమారులును అడిగిరి. సానుభూతి వేరు, శాసనము వేరని పలికి న్యాయస్థానము ఆ కుమారులకే ఇచ్చినది.